గట్టిగా చెప్పే నంబరు

ఆళ్లగడ్డలో ఎలీషా బట్టల కొట్టుకు వచ్చేవాళ్లు కార్డు ఇచ్చి ఊరుకోరు. పిన్ను నంబరు కూడా వీధి చివరిదాకా వినబడేట్టు చెప్తారు. చీరలు చూస్తున్నవాళ్లు వింటారు, బయట ఆటో ఆపుకున్నవాడు వింటాడు, ఎవరికీ పట్టదు. కార్డు గీకే మిషను పెట్టిన కొత్తలో ఎలీషాకు ఇది చూసి భయమేసింది. ‘నంబరు మీరే నొక్కండి, చెయ్యి అడ్డం పెట్టుకుని నొక్కండి’ అని అట్టముక్క మీద రాసి గల్లాపెట్టె పక్కన వేలాడదీశాడు. దాన్ని చదివిన పాపాన ఒక్కరూ పోలేదు. దొర్నిపాడు అనసూయమ్మ అయితే నవ్వేసింది.

“నీకాడ దాచేదేముంది నాయనా? మా పిల్లోల్ల పెండ్లిబట్టలన్నీ ఈడ తీసినవే. నువ్వే నొక్కు.”

ఎలీషా పైకి విసుక్కున్నాడు గాని లోపల పొంగిపోయాడు. వాళ్ల నాయన మూట నెత్తిన పెట్టుకుని అదే దొర్నిపాడు వీధుల్లో బట్టలమ్మిన మనిషి. అనసూయమ్మ అత్తగారు ఆయన్ను గడప ఎక్కనిచ్చేది కాదు, బయటే మూట విప్పించేది. ఆ ఇంటి కోడలు ఇప్పుడు బ్యాంకు నంబరు తన చెవిన వేస్తోందంటే అంతకు మించి కొట్టువాడికి ఏం కావాలి?

బిల్లులు కొట్టే కంప్యూటరుకే ఆ మిషను తగిలించి ఉంటుంది. నంద్యాల నుంచి వచ్చి బిగించిన స్టీఫెన్ ఒకటే చెప్పాడు. “అన్నా, దీంట్లో బిల్లు తప్ప ఇంకేం వద్దు. సినిమాలు, పెన్‌డ్రైవులు ఏం పెట్టాకు. కార్డులు పోయే దారి ఇది.” ఎలీషా మాట తప్పలేదు. సినిమాలు చూసే మనిషే కాదు, పనివాళ్లను కూడా దాని దగ్గరికి రానివ్వలేదు. దేవుడి పాటలు కూడా ఆ లెక్కలోకే వస్తాయని మాత్రం పాపం తోచలేదు.

కోత పండుగ వచ్చింది. చర్చిలో తెర మీద వేసే పాటలు టైపు చేసే పని ఎలీషాది, ఇంట్లో చూస్తే కంప్యూటరు లేదు. ఈ సంఘానికీ ఆ సంఘానికీ, ఫ్లెక్సీలు కొట్టే షాపులకీ, మైకు సెట్టు వాళ్లకీ తిరిగి తిరిగి వచ్చిన పెన్‌డ్రైవును తెచ్చి, ఆదివారం పొద్దున్నే కొట్టు తీసి, ప్రార్థన చేసుకుని మరీ పెట్టాడు. పాటలు చక్కగా తెరుచుకున్నాయి. వాటి వెంట దూరింది మాత్రం ఎవరి కంటా పడలేదు.

కొన్ని వారాలకు ఊళ్లో ఫోన్లు మోగడం మొదలైంది. ఎవరూ గీకని కార్డులు ఏదో పరాయి దేశంలో గీకినట్టు మెసేజీలు. అనసూయమ్మ మిరపకాయలమ్మిన డబ్బంతా పోయింది. పోగొట్టుకున్నవాళ్లంతా ఒకచోట చేరి ఆరా తీస్తే, అందరి కార్డులూ వాడిన చోటు ఎలీషా కొట్టు ఒక్కటే. అనసూయమ్మ కొడుకు హరీష్ వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడ్డాడు.

“మాయమ్మ పిన్ను నాకు గూడా తెల్దప్పా. నీకే తెల్సు. ఏం చేసినావో చెప్పు.”

వీధి వీధంతటికీ తెలుసని అనాలనుకున్నాడు ఎలీషా. అట్టముక్క వైపు మాత్రం చెయ్యి చూపించాడు.

మర్నాడు కంప్యూటరును మూటగట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. స్టీఫెన్ విప్పి, చాలాసేపు చూసి, నిట్టూర్చాడు.

“దొంగ ప్రోగ్రాం దూరిందన్నా. కార్డు గీకినప్పుడల్లా దాంట్లో ఉండేదంతా ఎత్తుకోని దొంగలకు పంపిస్తాంది. పెన్‌డ్రైవు ఏమన్నా పెట్టింటివా?”

“దేవుని పాటలు అబ్బీ.”

స్టీఫెన్ తల పట్టుకున్నాడు. అతనూ ఆదివారం చర్చికి పోయేవాడే.

“మరి పిన్ను వాళ్లకెట్ల తెలిసె?” అన్నాడు ఎలీషా.

“పిన్నుతో పనేముందన్నా? బయట దేశాల్లో శానాచోట్ల అది అడగనే అడగరు.”

ఎలీషా దిగ్గున లేచాడు. “ఆ ఒక్క మాట మా ఊరికొచ్చి చెప్పు స్టీఫెనూ. నీ కాళ్లు పట్టుకుంటా.”

స్టీఫెన్ వచ్చాడు, కొట్టు ముందు అందరికీ విడమరిచి చెప్పాడు. ఎలీషా కూడా దాచుకోలేదు. “తప్పు నాదే, పెట్టకూడని పెన్‌డ్రైవు పెట్టినా” అన్నాడు. జనానికి ‘తప్పు నాదే’ అన్నంతవరకే చెవికెక్కింది.

“పిన్ను లేకుండా దుడ్లు యాడన్నా పోతాయా? ఇద్దరూ ఒకే చర్చోల్లు, ఎనకేసుకొస్తాండాడు” అని లేచిపోయారు.

తర్వాత బ్యాంకువాళ్లు విచారించి అనసూయమ్మ డబ్బు తిరిగి వేశారు. ఇప్పుడైనా తన ముఖాన పడిన మసి పోతుందని ఎలీషా కొండంత ఆశ పెట్టుకున్నాడు. ఊరు ఇంకో మాట అనుకుంది. కేసవుతుందని భయపడి ఎలీషానే కట్టేశాడట!

“ఇంక ఎవురికీ ఏం చెప్పాకు. చెప్పేకొద్దీ దొంగవైతాండావ్” అంది భార్య ప్రసన్నకుమారి, కళ్లు తుడుచుకుంటూ. ఎలీషాకు బతుకు మీదే విరక్తి పుట్టింది. దొంగతనం చేసి ఉంటే కనీసం ఒప్పుకుని కాళ్ల మీద పడేవాడు. చెయ్యని పనికి ఏమని పడాలి?

కొత్త కంప్యూటరు వచ్చింది. దాంట్లో ఇప్పుడు బిల్లు తప్ప ఏమీ లేదు, బిల్లు కొట్టించుకునేవాళ్లే లేరు.

అలాంటి ఒక మధ్యాహ్నం అనసూయమ్మ వచ్చింది. ఎలీషాకు ప్రాణం లేచొచ్చింది. తనే పరిగెత్తి కుర్చీ వేశాడు, ఆమె అడక్కముందే మంచి చీరలు దింపాడు. ఆమె ఒకటి తీసుకుని కొత్త కార్డు ఇచ్చింది. ఎలీషా బిల్లు కొట్టి, మిషను చేతిలో పట్టుకుని, ఆమె నోటి వంక చూశాడు. ఆమె నంబరు చెప్పలేదు.

“ఇట్లియ్యి, నేను నొక్కుకుంటా.”

మిషను తీసుకుని, కొంగు దాని మీద నిండుగా కప్పుకుంది. అట్టముక్క మీద రాసింది రాసినట్టే చేస్తోంది. వేలు మాత్రం నొక్కడం లేదు. ఎలీషా ఉన్నంతసేపూ నొక్కదని అతనికి అర్థమైంది.

“నేను బయటుంటాలే పెద్దమ్మా” అన్నాడు.

“ఊఁ, పో నాయనా” అంది అనసూయమ్మ మెత్తగానే.

ఎలీషా తన కొట్టు గడప దిగి బయట నిలబడ్డాడు.