కొసరు వేసే చెయ్యి

నేను ఒక పెగ్గు కొలతను. ఆగస్టు పదకొండు, సోమవారం ఉదయం, భీమిలి తీరంలోని ఒక హోటల్ బారులో జరిగిన పరీక్షకు హాజరైనవారు మేనేజరు స్టెల్లా గారు, ఉద్యోగం కోరివచ్చిన నూకరాజు, అతని చేతిలో నేను. నన్నెవరూ లెక్కపెట్టలేదు.

నేను పుట్టింది ఒక స్టీలు కార్ఖానాలో. అదే రేకునుంచి పుట్టిన నా తోబుట్టువులు గరిటెలై పప్పులో మునిగాయి. నా నుదుట మందు రాసిపెట్టి ఉంది. అనకాపల్లిలోని ఒక బారులో చాలాకాలం బతికాను. అక్కడ నన్ను అంచుదాకా నింపి ఒంపాక, సీసాను మరొక్కసారి వంచితేనే తాగేవారి ముఖం వికసించేది. కూరగాయల బేరంలోలాగే మందులోనూ కొసరు. మనుషులు కొలత కోసం పోట్లాడతారు. అది దాటితేనే సంతోషిస్తారు. ఆ బారు మూతపడ్డాక, అక్కడ మందు పోసే నూకరాజు నన్ను తనతో తెచ్చుకున్నాడు.

అతను ఒకప్పుడు చేపల వేటకు వెళ్లేవాడు. బోటు తిరగబడిన నాటినుంచి అలల చప్పుడుకే వేళ్లు వణుకుతాయి. ఈ ఉద్యోగం రాకపోతే మళ్లీ ఆ బోటే గతి. ఈ సంగతి స్టెల్లా గారికీ చెప్పుకున్నాడు. ఆ వణుకు నా నడుముకు తెలుస్తూనే ఉంది.

పరీక్ష చిన్నదే: చల్లని పొడవాటి గ్లాసులో ఒక కొలత మూలికల లిక్కరు, దానిమీద బుడగల వైను, చివర నిమ్మతొక్క. ఆకుపచ్చని లిక్కరును నాలో అంచుదాకా పోసి, గ్లాసులోకి ఒంపాడు. చాలు, చాలని అరవాలనిపించింది, ఉక్కుకు నోరేదీ? సీసా మరొక్కసారి వంగనే వంగింది.

“ఏమిటది?” అన్నారు స్టెల్లా గారు.

“కొసరు, అమ్మగారూ. ఎయ్యకపోతే పిసినారోడంటారు.”

“ఇదేమన్నా పులుసా, ఇంకో గరిటె వడ్డించడానికి? కషాయమంత ఘాటు. అతిథి గొంతు మండితే తిట్లు నాకు. ఇంకొక్కసారి చెయ్యి. అంతే.”

రెండోసారి నన్ను ఒంపాక, సీసా మళ్లీ వంగబోయింది. కిటికీ అవతల ఒక కెరటం విరిగింది. నూకరాజు ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని, సీసాను బల్లమీద పెట్టేశాడు. తరువాత గ్లాసును ఏటవాలుగా పట్టి వైనును నెమ్మదిగా జార్చాడు. అది నురగెత్తి అణిగింది. నిమ్మతొక్క కూడా వేశాడు. అప్పుడిక ఆ చెయ్యి ఆగలేదు. వైను మరొక్క ధార పోసింది. నాకు గుండె ఉంటే జారిపోయేదే.

స్టెల్లా గారు ఒక గుక్క తాగారు. వెంటనే ఇంకొకటి తాగారు.

“ఊరుకోలేవన్నమాట.”

“గాటు తగ్గుతాదనీసి...”

“తగ్గింది. నీ కొసరు వైనులోనే వేసుకో. ఆ పచ్చసీసా జోలికి వెళ్లావో, నేనే బోటెక్కిస్తాను.”

ఆవిడ నియామకపత్రం మీద సంతకం చేశారు. సాయంత్రం వచ్చేవారిలో ‘ఇంతేనా?’ అనే మొదటి గొంతు ఎవరిదోనని నాకింకా బెంగగానే ఉంది. నూకరాజు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో దాచి, గుండీ పెట్టుకున్నాడు. ఆ తరువాత నన్ను కడిగాడు. వేళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.