పసుపు గౌను

నా మొగుడు డెంజిల్ గొప్ప చిత్రకారుడని లండన్ పేపర్లు రాశాయి. రాయనీ. ఆ రాసినవాళ్లెవరూ అతనితో కాపురం చేయలేదు.

యుద్ధం రోజుల్లో మా న్యూలిన్ రేవులో తినడానికి చేపలైనా దొరికేవి కానీ, బొమ్మ వేసుకోవడానికి గుడ్డా చెక్కా దొరికేవి కావు. ఆ చలికాలంలోనే మా అమ్మాయి మోర్వెన్నా గొంతు జబ్బుతో పోయింది. నాలుగేళ్లు నిండలేదు. దానికి ఫొటో తీయిద్దాం తీయిద్దాం అనుకుంటూనే ఉండిపోయాం. మిగిలింది జబ్బుకు ముందు వాళ్ల నాన్న అంచు విరిగిన ఓ చెక్క మీద వేసిన బొమ్మ ఒక్కటే. పసుపు గౌనులో, ఒక మేజోడు జారిపోయి, నా వైపు గుర్రుగా చూస్తుండేది. దాన్ని వంటింటి గోడకు తగిలించుకుని, దానితో మాట్లాడుతూ రొట్టె పిండి పిసికేదాన్ని.

ఒకసారి మా అక్క ఇంటికి వెళ్లి వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది. మేడ మీద డెంజిల్ నల్లటి సముద్రం వేస్తున్నాడు. అంచు విరిగిన ఆ చెక్కను చూడగానే గుర్తుపట్టాను.

"ఏం చేశావు డెంజిల్?"

"లండన్ వాళ్లు బొమ్మ అడిగారు, లవ్‌డే. వేరే చెక్క లేదు."

"తలుపు ఊడదీసుకోవాల్సింది. నా మంచం కోసుకోవాల్సింది."

అతను కుంచె దించలేదు. "అది రోజూ అలా చూస్తుంటే నాకు ముద్ద దిగడం లేదే."

"నాకు దిగిందే దాన్ని చూసుకుంటూ."

ఆ సముద్రంతోనే అతనికి పేరొచ్చింది. మ్యూజియం వాళ్లు కొనుక్కున్నారు. తర్వాత చచ్చేదాకా సముద్రాలే వేశాడు, తాగాడు. నేను వండి పెట్టాను గానీ క్షమించలేదు.

అతను పోయాక, ఆ బొమ్మ పగుళ్లిస్తోందని తెలిసి చూడటానికి వెళ్లాను. బాగుచేసే ఆయన నాకు కుర్చీ వేసి, టీ ఇచ్చాడు.

"కింది రంగు లోపలిదాకా ఆరకముందే పైన వేసేశారమ్మా. అందుకే పగిలింది."

అలల మధ్య గోరంత పసుపు కనిపించింది.

"అది మా అమ్మాయి గౌను బాబూ. ఇంకాస్త గీకు. మొహం దాకా."

ఆయన తల వంచుకున్నాడు. "ఇది దేశం సొత్తమ్మా. నా చేతుల్లో లేదు."

సన్నటి కుంచెతో బూడిదరంగు కలిపి, ఊపిరి బిగబట్టి అద్దాడు. పనిమంతుడే, కాదనను.

"ఎంత బాగా కలిసిపోయిందో చూడండమ్మా."

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. పసుపు ఎక్కడుండేదో నాకూ తెలియలేదు.