తాటిపండు కేకూ, సువార్త వదినా

మైదా జల్లిస్తున్నాను. జల్లెడ కింద పళ్ళెం లేదని తెలుస్తూనే ఉంది, అయినా చెయ్యి ఆగడం లేదు, పిండి నేల మీద పడకుండా నా మోకాళ్ళ చుట్టూ మెత్తగా పేరుకుంటోంది, ఎదురుగా గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని సువార్త వదిన కూర్చుని ఉంది. ఆమె పోయిన క్రిస్మస్‌కి ముందే చనిపోయిందని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా, మూలన పెట్టిన బియ్యం డబ్బాలాగా, ఎవరికీ అడ్డం రాకుండా ఉంది.

"ఇంకెంతసేపు జల్లిస్తావే రూతమ్మా?"

"రెండుసార్లు జల్లించమన్నది నువ్వే కదా వదినా."

"రెండుసార్లన్నాను. జీవితాంతమన్నానా?"

ఆమె నవ్వుతోంది. జబ్బు చేయకముందు నవ్వే నవ్వు అది, బుగ్గలు పైకి లేచి కళ్ళు కనబడకుండా పోయే నవ్వు, జుట్టు కూడా మళ్ళీ మొత్తం ఉంది, నూనె రాసి, ఒత్తుగా ముడి వేసుకుని. ఆ జుట్టు ఒకసారి ముట్టుకోవాలని ఉంది నాకు, కానీ చేతుల నిండా పిండి.

ఇది పాలకొల్లులో మా వంటిల్లే. గిన్నెల అల్మరా ఉంది, మసిబారిన కిటికీ ఉంది, కానీ నాలుగో గోడ ఉండవలసిన చోట బస్టాండు ఉంది, నరసాపురం బస్సు చప్పుడు లేకుండా వచ్చి ఆగుతోంది, దిగినవాళ్ళు సంచులు పట్టుకుని మా పొయ్యి పక్కనుంచే నడిచి వెళ్తున్నారు, వాళ్ళలో ఒకాయన ఆగి వాసన పీల్చి, "తాటిపండాండీ?" అని అడుగుతున్నాడు. "ఆయ్, తాటిపండేనండి, ఇంకా కాలేదు, వచ్చేటప్పుడు తిందురుగాని" అంటోంది వదిన, బంధువుతో మాట్లాడినట్టు. ఆయన సరేనని తలూపి బడి వైపు వెళ్ళిపోతాడు, అటు బడి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

నేను ఓవెన్ తలుపు తెరుస్తాను. లోపల అరలు లేవు, మా పాత అల్యూమినియం తపేలా ఉంది, దాని నిండా ఇసుక ఉంది, ఇసుక ఇంకా వేడిగానే ఉంది.

"దీన్ని పారేశాం కదా వదినా?"

"నువ్వు పారేశావు. నేను దాచాను."

మా కేకుల సంగతి మొదలైంది ఆ తపేలాతోనే. నాకు పెళ్ళి కాలేదు, బడిలో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ ప్రకాశం అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయాను. అలా ఉండిపోయిన ఆడపడుచుని కొత్తగా వచ్చిన వదిన ఎలా చూస్తుందోనని చుట్టాలందరూ ఎదురుచూస్తుంటే, సువార్త వదిన నా చేతిలో ఒక గిన్నె పెట్టి గుడ్లు గిలక్కొట్టమంది. ఆ క్రిస్మస్‌కి బేకరీ కేకు వద్దంది. ఇంట్లో ఓవెన్ లేదు. గోదావరి ఇసుక తెప్పించి తపేలాలో పోసి, అది బాగా కాలాక అందులో కేకు గిన్నె దింపి, మూత మీద రాయి పెట్టి, దాని ముందు పీటలు వేసుకుని ఇద్దరం కూర్చున్నాం. బయటికి తీసి చాకు దింపబోతే దిగలేదు. వదిన ఎలాగో ఒక ముక్క విరిచి, చాలాసేపు నమిలి, "ఇది కేకు కాదే, తీపి ఇటుక" అంది. అన్నాక ఇద్దరం ఊపిరాడనంతగా నవ్వాం, ఆ నవ్వులోనే మేము వదినా ఆడపడుచులం కావడం మానేసి ఇంకేదో అయిపోయాం.

ఆ తరువాత ఆగలేదు, ఓవెన్ కూడా కొనుక్కున్నాం. పనసతొనల పుడ్డింగు, సగ్గుబియ్యం బిస్కట్లు, కొబ్బరిపాల కస్టర్డు, ఏది దొరికితే దానితో ఏదో ఒకటి. ఒకసారి ఇంగువ డబ్బాలోని చెంచాతో నేను వెనిల్లా కొలిచేసరికి కేకు కేకంతా సాంబారు వాసన వచ్చింది. వదిన రుచి చూసి, "ఇడ్లీలోకి బాగుంటుంది" అంది. నాకు నచ్చింది అదే. ఆమె నాలుక మొహమాటపడేది కాదు. పిండి ఉడకలేదంటే ఉడకనట్టే, బాగుందంటే బాగున్నట్టే, ఆ ఒక్క మాట కోసం నేను సాయంత్రాలన్నీ పొయ్యి దగ్గర నిలబడేదాన్ని.

"ఒక్కటి మాత్రం లొంగలేదు" అంటోంది వదిన ఇప్పుడు, నేను తలచుకున్నది ఆమెకి వినబడినట్టు.

"తాటిపండు కేకు."

"ఆ ముదనష్టపుదే."

తాటిరొట్టె తినే ఊళ్ళో తాటిపండు కేకు ఎందుకు రాకూడదని ఆమెకి పట్టుదల. శ్రావణంలో పండ్లు పడడం మొదలవగానే తెచ్చి, పీచు నుంచి గుజ్జు గీకి, గుడ్డలో వడగట్టి, చేతులు పసుపు పచ్చగా చేసుకుని కలిపేవాళ్ళం. ఓవెన్‌లో ఉన్నంతసేపూ అది గోపురంలా లేచేది. బయటికి తీసి బల్ల మీద పెట్టగానే, మేము చూస్తుండగానే, మధ్యలో మెల్లగా కూలిపోయేది. పిండి పెంచాం, గుడ్లు తగ్గించాం, సోడా మార్చాం. ఏ ఏడూ మాట వినలేదు.

వదిన గట్టు దిగి నడుస్తోంది. నేను వెనకాలే వెళ్తున్నాను, వంటిల్లు పొడుగవుతోంది, పొయ్యి ఎప్పుడో వెనకబడిపోయింది, కాళ్ళ కింది పిండి చల్లబడి తెల్లటి పలకలైపోయింది, రెండు వైపులా మంచాలు, కిటికీల్లో ఆరేసిన తువ్వాళ్ళు, మందుల వాసన. ఆసుపత్రి వరండా ఇది. నా చేతిలో జల్లెడ ఉండాలి, స్టీలు డబ్బా ఉంది. దాని మూత మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది, అప్పుడు నాకు అర్థమవుతుంది నేను ఆమెని ఏం అడగాలో.

"వదినా, ఒక మాట అడగనా?"

"అడుగు. అందుకే కదా నన్ను ఇంతదూరం నడిపిస్తున్నావు."

"పోయినేడు ఈ డబ్బాలో కేకు తెచ్చాను నీకు. తిని, చాలా బాగుంది రూతమ్మా అన్నావు."

"అన్నాను."

"నువ్వెప్పుడూ 'చాలా' అనవు."

ఆమె ఒక మంచం అంచున కూర్చుంటుంది. జుట్టు ముడి అలాగే ఉంది, కానీ ఒంటి మీద ఆసుపత్రి గౌను వచ్చింది, అది ఆమెకి వదులు.

"నువ్వు పోయాక నర్సమ్మ చెప్పింది. మందులు ఎక్కించడం మొదలయ్యాక నీకు రుచే తెలియడం లేదని, ఉప్పూ పంచదారా ఒకటిగానే ఉందన్నావని."

"ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు."

"అంటే నాకు అబద్ధం చెప్పావు."

"చెప్పాను." ఆమె తల దించుకోవడం లేదు. "ఎలా ఉందో ఇప్పుడు చెప్పమంటావా? మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చావు కదా, ఆ వెచ్చదనం. ఇంకేం లేదు. తడిపిన దూది నమిలినట్టుంది. నువ్వేమో పరీక్ష పేపర్లు దిద్ది ఇస్తుంటే చూసే పిల్లల్లాగా నా నోటి వంకే చూస్తున్నావు. నేనేమనాలి చెప్పు?"

"నిజం చెప్పాల్సింది. ఎప్పుడూ చెప్పేదానివి కదా."

"చెప్తే కేకు గురించి ఏడ్చేదానివా? నా గురించి ఏడ్చేదానివి. నేను దాన్ని చూడాలి, ఆ మంచం మీద పడుకుని. నావల్ల కాదనిపించిందే."

నాకు కోపం రావాలి, రావడం లేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆమె పక్కన కూర్చుంటాను, మంచం వంటింటి గట్టులా గట్టిగా ఉంది, మా ఇద్దరి కాళ్ళూ కిందికి వేలాడుతున్నాయి, కింద నేల కాదు నెమ్మదిగా పారే పసుపుపచ్చటి నీళ్ళున్నాయి, తాటిగుజ్జు రంగు నీళ్ళు, వాటిలో నరసాపురం బస్సు పడవలా వెళ్తోంది.

"ఇప్పుడెవరూ చెప్పరు వదినా" అంటున్నాను. "బడిలో పెడితే సూపర్ మేడం అంటారు, డబ్బా ఖాళీ చేసి ఇస్తారు. అందుకే చేయడం మానేశాను. అన్నయ్యకి పెడితే ఊఁ అంటాడు. ఎలా ఉందన్నయ్యా అంటే ఊఁ. ఇంకొంచెం పెట్టనా అన్నా ఊఁ. నువ్వు పోయాక ఆ ఇంట్లో ఇద్దరు మనుషులం తింటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు."

"మీ అన్నయ్య నాలుక సంగతి నీకు తెలీదు."

"అన్నయ్యకా? ఏది పెట్టినా తినేస్తాడు."

"పెళ్ళయిన కొత్తలో చేపల పులుసు పెట్టాను. చింతపండు ఎక్కువైంది, మెంతులు మాడాయి అన్నాడు. రెండూ నిజమే. నేను ఆ రాత్రి అన్నం తినలేదు, తెల్లారి కూడా మాట్లాడలేదు. ఇరవయ్యేళ్ళ పిల్లని, నాకేం తెలుసు? అప్పట్నుంచీ నోరు కుట్టేసుకున్నాడు మహానుభావుడు. నాలుక కుట్టుకోలేదుగా. మన ముగ్గురిలో రుచి తెలిసినవాడు ఆయనే."

"అయితే ఇన్నేళ్ళూ..."

"నేనూ తప్పు చెప్పమని అడగలేదు, రోషం. తర్వాత అలవాటైపోయింది." ఆమె నా చేతిమీద చెయ్యి వేస్తుంది, బరువు తెలియడం లేదు, వెచ్చదనం తెలుస్తోంది. "బాగుందా అని అడక్కు రూతమ్మా. బాగుందా అంటే ఎవరైనా బాగుందనే అంటారు, నేనూ అనలేదూ? ఏం తక్కువైందని అడుగు. నావల్ల కాని పని అది. నువ్వు చెయ్యి."

నేను సరేనంటానో లేదో తెలియదు, ఎందుకంటే ఒళ్ళోని డబ్బా ఇప్పుడు డబ్బా కాదు, ఓవెన్‌లోంచి అప్పుడే తీసిన కేకు పళ్ళెం, నా చీర కాలడం లేదు, కేకు గోపురంలా లేచి ఉంది, మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూస్తుండగానే మధ్యలో మెల్లగా, అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు, దిగిపోతోంది. "కూర్చుందిరా తల్లీ" అని వదిన పకపకా నవ్వుతోంది. చల్లారనివ్వు వదినా అంటున్నా వినడం లేదు, ఎక్కడినుంచో చెంచా తీసి, అంచులు ముట్టుకోకుండా సరిగ్గా ఆ కూలిన చోటే గుచ్చి, ఒక ముద్ద తవ్వి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని నోట్లో పెట్టుకుంటోంది. ఆ గుంటలోంచి ఆవిరి లేచి మా మధ్య నిలబడుతోంది, ఆవిరికి అవతల ఆమె కళ్ళు మూసుకుని నమలడం కనిపిస్తోంది, నిదానంగా, నిజంగా రుచి చూస్తూ, ఈసారి ఆమెకి తెలుస్తోంది, తీపీ తెలుస్తోంది, అడుగున దాగిన ఆ చిన్న చేదూ తెలుస్తోంది, కనుబొమ్మలు ముడిపడి విడిపోవడంలో నాకు కనబడుతోంది. కళ్ళు తెరుస్తుంది. చెప్పడానికి నోరు తెరుస్తుంది.

మెలకువ వచ్చేసింది.

ముందుగదిలో వాలుకుర్చీలో ఉన్నాను. మధ్యాహ్నపు ఎండ గడప దాటి లోపలికి వచ్చింది, మెడ పట్టేసింది, ఇల్లంతా తాటిపండు వాసన. పొద్దున అన్నయ్య బజారు నుంచి వస్తూ ఒక పండు తెచ్చి, ఏమీ చెప్పకుండా వంటింటి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఈ ఏడు దాని జోలికి పోకూడదనుకున్నాను. కానీ రెండో శనివారం, బడి లేదు, ఆ వాసన ఇంట్లో ఉండగా వేరే పని చేయడం నా వల్ల కాలేదు. కేకు ఓవెన్‌లో పెట్టి, గంట మోగేదాకా అని కూర్చుని నిద్రపోయాను.

మాడిపోయి ఉంటుందని గబగబా వంటింట్లోకి వెళ్ళాను.

ఓవెన్ ఆపేసి ఉంది. ఏనాడూ దాని తలుపు తెరవని అన్నయ్య, భుజం మీద కండువాతో పళ్ళెం పట్టుకుని తీసి గట్టు మీద పెట్టాడు. కేకు ఎప్పటిలాగే మధ్యలో కూర్చుంది. ఆయన చేతిలో చెంచా ఉంది. అంచులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, నడుమ మాత్రం ఒక ముద్ద తవ్వి ఉంది.

నన్ను చూసి తడబడ్డాడు. "గంట మోగింది. నువ్వు మంచి నిద్రలో ఉన్నావు. మాడుతుందేమోనని తీశానమ్మా."

బాగుందా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏం తక్కువైందన్నయ్యా?"

ఆయన నా వంక చూశాడు. ఊఁ అంటాడేమో అనుకున్నాను. మళ్ళీ చెంచాతో కొంచెం తీసుకుని, నోట్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి నమిలాడు.

"తక్కువవ్వలేదు. ఎక్కువైంది" అన్నాడు. "గుజ్జులో నీళ్ళు. కలిపేముందు పొయ్యి మీద పెట్టి, దగ్గరపడేదాకా తిప్పాలి. లేకపోతే నడుమ నిలబడదు. ప్రతి ఏడూ అందుకే కూర్చుండిపోతుంది."

"ప్రతి ఏడూ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరిద్దరూ బాగుందా అని అడిగేవారు." చెంచా వైపే చూస్తూ అన్నాడు. "బాగుండేది."

తరువాత ఆయనే అన్నాడు, సంతలో ఇంకా పండ్లున్నాయని, సాయంత్రం వెళ్తే దొరుకుతాయని, గుజ్జు తను తిప్పుతానని. నేను అల్మరాలోంచి ఇంకో చెంచా తీసుకున్నాను. ఆయన తవ్విన ఆ చిన్న గుంటలోంచి ఆవిరి ఇంకా పైకి లేస్తూనే ఉంది.