బూజు పట్టని ప్లేట్లు

స్నానం చేశాకే వంటింట్లోకి రమ్మని అత్తగారు చెప్పడం మానేసి చాలా రోజులైంది. చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది. లాబ్ నుంచి రాగానే కోడలి కాళ్లు వాటంతటవే బాత్‌రూమ్ వైపు నడుస్తాయి. బ్యాగు చెప్పుల పక్కన, విడిచిన బట్టలు వేరే బకెట్లో. జలుబైనా సరే తల మీంచే నీళ్లు. మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు, ఆ తర్వాత పొట్ట. పొట్ట ఎందుకంత గట్టిగా రుద్దుకుంటావని ఎవరూ అడగలేదు. రెండోసారి కడుపు పోయినప్పటి నుంచీ రుద్దుకుంటోంది, అంతే.

ఆమె పని పైన్ లాంటి సూదాకుల చెట్ల గింజలతో. పచ్చి గింజలోంచి పిండాన్ని తీసి, గాజు ప్లేట్లలో జెల్లీలాంటి మేత మీద పెట్టి పెంచితే తెల్లటి నురగలాంటి ముద్ద వస్తుంది. ఆ ముద్దలోంచి వందల పిండాలు తలెత్తాలి. కొన్ని ముద్దలు ఎంత బతిమాలినా కదలవు. ఏ జన్యువు మేల్కొంటే పిండం నిలబడుతుందో వెతుకుతుంటే ఆమెకు ఒక వింత కనబడింది. చెట్టు మీద బూజు దాడి చేసినప్పుడు ఆ బూజు కణాల గోడల్ని కరిగించే ఎంజైము ఒకటుంది. పోరుకు తయారయ్యే ఆ ఎంజైము తాలూకు జన్యువు, శత్రువు జాడైనా లేని ఈ ముద్దల్లో, సరిగ్గా పిండాలు తయారయ్యే వేళకి పని మొదలుపెట్టింది.

లాబ్ పెద్ద, అందరూ సారు అనే ఆయన, ఆ ఫలితం చూసి నవ్వాడు. "దొంగ రాకుండా కుక్క ఎందుకు మొరుగుతుందమ్మా? నీ ప్లేట్లకి బూజు పట్టుంటుంది. చేతులు సరిగా కడుక్కుంటున్నావా అసలు?"

ఎనిమిది మంది ముందు అన్నాడు. అందరూ తమ తమ కాగితాల్లోకి చూసుకున్నారు. ఇంట్లో మాటే ఇక్కడా. ఇంటి నుంచి లాబ్‌కి బూజు మోసేదీ ఆమే, లాబ్ నుంచి ఇంటికి మందుల విషం మోసేదీ ఆమే. రెండు చేతులు, రెండు నేరాలు.

డాక్టరమ్మ మాత్రం రెండో కడుపు పోయినప్పుడే స్పష్టంగా చెప్పింది. ఆమె లాబ్‌లో వాడే మందుల జాబితా అంతా చదివి, మొగుడూ పెళ్లాలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "పిండం తయారయ్యేటప్పుడే ఏదో తేడా వచ్చింది. ఎవరి తప్పూ కాదు. ఈ అమ్మాయి ఉద్యోగానికీ దీనికీ ఏ సంబంధం లేదు." దారిలో ఆమె భర్త చెయ్యి పట్టుకుని, "ఈ మాట అత్తయ్య చెవిన మీరే వెయ్యండి, నేను చెప్తే నమ్మరు," అంది. "సమయం చూసి చెప్తాలే," అన్నాడు. పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ సమయం ఏ మూల నక్కిందో కానీ, మూడోసారి ప్రయత్నించే ముందు ఉద్యోగం మానేస్తే మంచిదని చెప్పే సమయం మాత్రం ఆయనకి దొరికింది. రాజీనామా కూడా తనే టైపు చేసి ఇచ్చాడు, సంతకమొక్కటే తక్కువ. తొమ్మిది రోజులుగా అది ఆమె బ్యాగులో ఉంది. ఈ ప్లేట్ల సంగతి తేలితే సంతకం పెడతానంది. అలా అన్నప్పుడు, తేలేది తన నేరమేనని ఆమె లోలోపల నమ్మింది కూడా.

ఇవాళ తేలింది. నూట పన్నెండు ప్లేట్లలోంచి చిటికెడు చిటికెడు తీసి, బూజుకి ఇష్టమైన మేత మీద ఆరు వారాలు ఉంచింది. ఒక్కదాని మీదైనా ఒక్క చుక్క బూజు లేదు. ఆ జన్యువుని మేల్కొలిపింది చెట్టే. పిండం ఎదగాలంటే చుట్టూ ఉన్న కణాలు కొన్ని తమంతట తామే చచ్చి దారివ్వాలి. ఆ జన్యువు అచ్చంగా అక్కడే పనిచేస్తోంది. అక్కడ దాడీ లేదు, దొంగా లేడు. "నేను ముందే అనుకున్నాను," అన్నాడు సారు. ఆ క్షణాన ఆమెకి అదీ తియ్యగానే వినిపించింది.

ఆ ఊపులో స్నానం సంగతే మర్చిపోయింది. అత్తగారు వంటింట్లో నేల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. వెళ్లి ఎదురుగా చతికిలబడి, గుప్పెడు కాయలు ఒళ్లో వేసుకుని, అన్నీ చెప్పేసింది. ముసలావిడ వేళ్లు ఆగాయి.

"అంటే నువ్వు ఏ బూజూ అంటించలేదా ఆ పిల్లపిండాలకి?"

"లేదత్తయ్యా. వాటికీ అంటించలేదు, నా బిడ్డలకీ అంటించలేదు. డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఆయన మీకు చెప్పలేదా?"

"చెప్పాడే! లాబ్ మందుల వల్లే కడుపు నిలవట్లేదని డాక్టరమ్మ అన్నదని చెప్పాడు. ఇంటికి రాగానే స్నానం చేయించమ్మా, నేను చెప్తే బాధపడుతుంది, నువ్వే చెప్పు అన్నాడు." ఆవిడ చేతిలోని కాయ పక్కన పెట్టేసింది. "నేను పాపిష్టిదాన్నై మొదట్లో రోజూ అన్నానే..."

ఒలిచిన బఠాణీలు ఆమె ఒళ్లోంచి నేలంతా దొర్లాయి. ఏరడానికి ఇద్దరిలో ఎవరూ వంగలేదు.

భర్త ఆరింటికి వచ్చాడు. ఆమె పొడి జుట్టు చూసి, "స్నానం కాలేదా?" అన్నాడు.

"డాక్టరమ్మ ఏమంది? అత్తయ్య ముందు చెప్పండి."

తల్లి వైపు చూశాడు. "అప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదా. లేకపోతే నాలోనే లోపముందా అని అమ్మ అడుగుతుంది. అయినా రోజూ ఓ స్నానం... నీకు పోయిందేముంది?"

ఆమె బ్యాగులోంచి రాజీనామా తీసి, సంతకం లేకుండానే ఆయన చేతిలో పెట్టింది. "రాసింది మీరు. మీరే ఉంచుకోండి." తమ పడగ్గదిలోంచి తన దిండూ దుప్పటీ తెచ్చుకుని అత్తగారి మంచం పక్కన పరుచుకుంది.

ఆ తర్వాత ఉతకని లాబ్ బట్టల్లోనే కూర్చుని, రెండు చేతులూ పొట్ట మీద ఆనించుకుంది, రుద్దుకోలేదు. పోయిన ఆ ఇద్దరి కోసం ఏడవడానికి ఇన్నాళ్లకి ఆమెకి వీలు చిక్కింది.