రెండో అక్షరం

మా రేవులో పడవ ఎక్కినవాడెవడూ 'కు'తో ముగిసే మాట అనకూడదు. వదలకు, లాగకు, తిప్పకు, ఇవేవీ పనికిరావు. గాలి గట్టిగా వీచేటప్పుడు మాట చివర ముందుగా ఎగిరిపోతుంది. "లాగకు" అని అరిస్తే అవతలివాడికి "లాగ" వరకే వినబడి లాగేస్తాడు. అందుకని వదలకు అనాల్సిన చోట పట్టు అనాలి, లాగకు అనాల్సిన చోట ఉంచు అనాలి. కొత్తగా పడవ ఎక్కేవాడికి ఈత కంటే ముందు ఇది నేర్పుతారు. ఇళ్ళలోకి కూడా ఇదే అలవాటు వచ్చేసింది. చిన్నప్పుడు నేను ఏడిస్తే అమ్మ "ఏడవకు" అనేది కాదు, "నవ్వు!" అని కసిరేది. ఆ కసురుకి నవ్వు ఎలా వస్తుందో ఆవిడే చెప్పాలి.

పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం గాలివానలో ఒక పడవ ఇంజను పంకాకి వల చుట్టుకుంది. పడవ నడుపుతున్నది సరంగు. ఆయన తమ్ముడు నడుముకి తాడు కట్టుకుని, వల కోయడానికి నీళ్ళలోకి దిగాడు. తాడు రెండో కొస పట్టుకున్నది మా నాన్న. సరంగు చుక్కాని దగ్గర నిలబడి "పట్టు, పట్టు" అని అరిచాడు. నాన్న వదిలేశాడు. తమ్ముడు మళ్ళీ దొరకలేదు.

ఇది రేవంతటికీ ఇంత వివరంగా ఎలా తెలుసంటే, సరంగు దాన్ని పాట కట్టాడు. మూడొందల పాదాల పాట. నేనాయన్ని పెదనాన్నా అంటాను, చుట్టరికం ఏమీ లేకపోయినా. వలలు బాగుచేసే పాకలోనో టీ కొట్టు దగ్గరో ఎవరైనా కొత్తవాళ్ళు కనబడితే చాలు, పక్కన కూర్చుని ఎత్తుకునేవాడు. మధ్యలో లేచి వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు వచ్చేవి కావు. పాటలో నాన్న పేరు లేదు గాని ఈ రెండు పాదాలున్నాయి:

పిడికిలి విప్పెను వదులుగ నొకడే
నడిసంద్రంలో తమ్ముడు పోయెను

అప్పట్నుంచి నాన్నని అందరూ 'వదులు' అంటారు. ఏ పడవా ఆయన్ని ఎక్కించుకోలేదు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు పగలగొడతాడు. "ఒరేయ్ వదులూ, రెండు దిమ్మలు ఇటు తొయ్" అంటే మారుమాట లేకుండా తోస్తాడు. అలా పిలిచినందుకు కాదు, ఆ పిలుపుకి పలికినందుకే నా కడుపు మండిపోయేది.

ఈ ఏడు ఆ పాటని పుస్తకం వేస్తానని అచ్చాఫీసు ఆయన ముందుకొచ్చాడు. శుక్రవారానికల్లా రాతప్రతి కావాలన్నాడు. పెదనాన్న కళ్ళకి పొరలు కమ్మాయి, చెబుతుంటే రాసేవాళ్ళు కావాలి. "వదులు కూతురి రాత గుండ్రంగా ఉంటుందట, దాన్ని రమ్మనండి" అని కబురు పెట్టాడు.

"ఆ మనిషికి గుండె ఉందా, బండ ఉందా?" అంది అమ్మ. "మీ నాన్నని తిట్టిన తిట్టు నీ చేతే రాయిస్తాడా? నువ్వు వెళ్తే నా మీద ఒట్టే."

నాన్న అన్నం కలుపుతూ తల ఎత్తకుండా "వెళ్ళిరానీ" అన్నాడు.

వెళ్ళాను. పాట నోటిమీద ఉన్నంతకాలం ఎప్పుడో ఒకప్పుడు జనం మరిచిపోతారని ఆశ ఉండేది. అచ్చు పడితే నాన్న పోయాక కూడా వదులే. శుక్రవారం దాకా ఆ రెండు పాదాలు నా చేతిలో ఉంటాయి. ఏం చెయ్యగలనో తెలియదు, ఉంటాయి అంతే.

పెదనాన్నది మేడమీద చిన్న గది. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేచిపోయాయి. పెదనాన్న మంచం మీద, నేను కింద పీట మీద. ఆయన కళ్ళు మూసుకుని, అరచేత్తో మంచంపట్టె మీద దెబ్బ వేస్తూ చెప్పేవాడు. ఆ దెబ్బ ఆగితే పాదం అయిపోయినట్టు.

ఆయన కోడలు టీ పట్టుకొచ్చి, "మామయ్యా, పిల్లని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి. అల పడవని ముంచెత్తడానికి ఇంకా వంద పాదాలున్నాయిగా" అనేది.

"నీ టీ తాగితే పడవ దాకా ఎందుకమ్మా, ఇక్కడే మునుగుతాం" అనేవాడాయన.

మా పల్లె బళ్ళో మాస్టారు పద్యం చెబితే, ప్రతి పాదంలో రెండో అక్షరం కింద గీత గీయమనేవారు. గీతల మీది అక్షరాలు కలిస్తే ప్రాస కుదిరినట్టు. ఆ అలవాటు నాకు పోలేదు. పెదనాన్న ఏ బడికీ వెళ్ళలేదు గాని, ఆయన పాట అంతా అలాగే నడిచింది.

తెల్లని నురగల దారులు తీయుచు
నల్లని నీళ్ళను చీల్చెను పడవే

ల్ల, ల్ల. నేను గీత గీస్తూ పోతున్నాను, ప్రతి జంటా కలుస్తోంది. బుధవారం మధ్యాహ్నం ఈ పాదాలు వచ్చాయి:

కదిలెను కడలే, కమ్మెను మబ్బులు
పట్టూ పట్టూ తమ్ముని తాడని

ది కింద గీశాను. ట్టూ దగ్గర పెన్సిల్ ఆగిపోయింది.

"పెదనాన్నా, ఇక్కడ రెండో అక్షరం కలవలేదు."

"ఏది?"

"పైన కదిలెను అన్నారు. కింద పట్టూ అన్నారు."

"కలవకపోతే పోయింది. రాయి."

"ఇంతవరకూ రెండొందల పాదాలు దాటాయి. ఒక్కటీ తప్పలేదు."

మంచంపట్టె మీద చెయ్యి ఆగింది. "నాలుగు ముక్కలు చదివొచ్చి నాకు పాట నేర్పుతావా? సముద్రం నీ ప్రాస చూసుకుని లేస్తుందా?"

నేను కాగితం వైపే చూస్తున్నాను. కది. మది. పది. వది. వద. ఆ మాట దానంతట అదే వచ్చి పాదంలో కూర్చుంది. పడవ మీద ఎవరూ అనకూడని మాట.

"మొదట కట్టినప్పుడు ఇక్కడ వేరే మాట ఉండేదా, పెదనాన్నా?"

ఆయన కళ్ళు తెరిచాడు. పొరలు కమ్మిన ఆ కళ్ళకి నేను కనబడనని తెలిసినా, పీట మీద వెనక్కి జరిగాను.

"ఇవాళ్టికి చాలు. పో."

గురువారం పొద్దున్నే వెళితే మెట్ల దగ్గరే కోడలు అడ్డం నిలబడింది. "నిన్ను రానివ్వద్దన్నారు. నిన్నటినుంచి ముద్ద ముట్టలేదు. ఏం అన్నావే తల్లీ ఆ ముసలాయన్ని?"

"అక్షరం కలవలేదన్నాను వదినా."

"అక్షరానికే ఇంత గొడవా!" అని ఆవిడ నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళింది.

నేను మూడో మెట్టు మీద కూర్చున్నాను. రేపు అచ్చాఫీసు ఆయన వస్తాడు. నేను లేకపోతే ఇంకెవరైనా మిగతాది రాసేస్తారు. పైన మంచం కిర్రుమంటోంది, ఆగుతోంది, మళ్ళీ కిర్రుమంటోంది. ఎండ ఒక్కో మెట్టూ దిగి నా పాదాల మీదికి వచ్చింది.

"మెట్ల మీద ఉన్నావా?" పైనుంచి గొంతు.

"ఉన్నాను."

"రా."

నేను పీట మీద కూర్చోకముందే ఆయన అనేశాడు. "ఆ మాట కొట్టెయ్. వదలకు అని రాయి."

రాశాను. వదలకు వదలకు తమ్ముని తాడని. 'కు' వంకరపోయింది.

"నలభై ఏళ్ళు చుక్కాని పట్టుకున్నాను. ఎంతోమందికి నేనే నేర్పాను, కు అనకూడదని" అన్నాడు పెదనాన్న. "నీళ్ళలో ఉన్నది నా తమ్ముడయ్యేసరికి నోటికి అదే వచ్చింది. చివరి ముక్క గాలి ఎత్తుకుపోయింది. మీ నాన్న వదల అని విన్నాడు, వదిలాడు. వాణ్ణి చంపింది నా నోరు. పాట కట్టేటప్పుడు పట్టు అని మార్చుకున్నాను. అక్కడికొచ్చిన ప్రతిసారీ నాలుక తడబడేది."

"మరి నన్నే ఎందుకు పిలిచారు?"

"ఇంకెవరైనా అయితే రాసుకుని పోతారు" అన్నాడాయన.

నేను ఐసు ఫ్యాక్టరీకి పరుగెత్తాను. నాన్న ఇనప మేకుతో దిమ్మని పొడుస్తున్నాడు, తెల్లటి పొడి మోచేతుల దాకా ఉంది. ఊపిరి ఆడకుండానే అంతా చెప్పేశాను. ఇక ఎవరూ ఆ పేరు పెట్టి పిలవరు నాన్నా అన్నాను. ఆయన ముఖంలో వెలుగు వస్తుందని చూస్తున్నాను. రాలేదు.

"గాలి ఎత్తుకుపోయిందన్నాడా?"

"అవును."

"రాసేశావా?"

"రాశాను."

మేకు గోడకి ఆనించాడు. "పద" అన్నాడు.

తడి రబ్బరు బూట్లతోనే మేడ ఎక్కాడు. పదకొండేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి.

"ఎవరది?" అన్నాడు పెదనాన్న.

"వదులుని, అన్నా."

కోడలు చేతిలో చెంబు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. పెదనాన్న లేచి కూర్చున్నాడు. "కూర్చోరా. నీ కూతురు చెప్పిందా?"

"చెప్పింది." నాన్న కూర్చోలేదు. "గాలి ఏదీ ఎత్తుకుపోలేదన్నా. నాకు 'కు' కూడా వినబడింది."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థం కాగానే, "నాన్నా, ఊరుకో" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"మాట మొత్తం వినబడింది. తాడు అరచేతిలో ఎముక దాకా దిగింది. ఇంకో అల వస్తే నేనూ పోతాననిపించింది. విప్పేశాను. నువ్వు పట్టు అన్నా విప్పేవాణ్ణే."

పెదనాన్న తల నాన్న గొంతు వైపు తిప్పాడు. "పదకొండేళ్ళు నా నోరే చంపిందనుకున్నానురా. పాటలో నేను మాట మార్చిన సంగతి నీకు తెలుసు కదా?"

"మొదటిసారి విన్నప్పుడే తెలుసు."

"మరి నోరు విప్పి అడగలేదేం?"

"అడిగితే అందరూ గాలిని తిట్టి నన్ను వదిలేస్తారు. ఎలా ఒప్పుకోను?" నాన్న చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "పేరు పెట్టి పిలిచినప్పుడల్లా పలికాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు. కానీ నీ మీద కూడా ఇంత బరువుందని నాకు తెలియదన్నా. తెలిస్తే ముందే వచ్చేవాణ్ణి."

పెదనాన్న పిడికిలి బిగించాడు. కొడతాడేమో అనుకున్నాను. నాన్న కూడా అదే అనుకున్నట్టున్నాడు, ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

"పో" అన్నాడు పెదనాన్న.

నాన్న వెనక్కి తిరిగాడు. కోడలు పక్కకి జరిగి దారి ఇచ్చింది. ఒక మెట్టు దిగాడు, రెండో మెట్టు దిగాడు.

"ఆగు. ఎన్ని అలలు పట్టావు?"

"ఏడు."

"మూడే కదా. పాటలో మూడే ఉన్నాయి."

"మూడు నువ్వు చూసినవి. తర్వాత పడవ తిరిగింది, నీ వీపు మా వైపుంది."

"అయితే నాలుగో అలకి…" పెదనాన్న మంచంపట్టె పట్టుకుని లేవబోయాడు, కోడలు వచ్చి భుజం పట్టుకుంది. "నాలుగో అలకి వాడు ఉన్నాడా?"

"ఏడో అల దాకా ఉన్నాడు. నాతో మాట్లాడాడు కూడా."

నాన్న వెనక్కి వచ్చి నేల మీద కూర్చున్నాడు. బూట్ల నుంచి నీళ్ళు కారి నా కాగితాల వైపు వస్తుంటే వాటిని ఒళ్ళోకి తీసుకున్నాను.

"పిడికిలి పాదాలు ఏం చెయ్యమంటారు?" అని అడిగాను, ఇద్దరిలో ఎవరినో నాకే తెలియకుండా.

"ఉంచు. విప్పిన మాట నిజం" అన్నాడు నాన్న. "వదులుగ అన్నది మాత్రం తీసెయ్. నేను వదులుగా పట్టుకోలేదు."

పెదనాన్న తల ఊపాడు. "కొట్టెయ్. అక్కడ ఏ మాట పడాలో ఏడో అల దాకా విన్నాక చూస్తాను."

కొట్టేశాను.

"రేపు అచ్చాఫీసు ఆయన వస్తాడు మామయ్యా" అంది కోడలు.

"వస్తే కూర్చోబెట్టు. టీ ఇయ్యి, పారిపోతాడు." ఆయన నాన్న వైపు చెవి వంచాడు. "చెప్పరా. నాలుగోది ఎటునుంచి వచ్చింది?"

"కుడి పక్కనుంచి. నేను ఎదురు వస్తుందని చూస్తున్నాను, పక్కనుంచి కొట్టింది. వాడు మునిగి పైకి తేలాడు. కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులతో వల పీకుతున్నాడు. సగం పైగా కోసేశాడు అప్పటికే. నా వైపు చూసి, కత్తి చేతిలోకి తీసుకుని, ఏమన్నాడంటే…"

నేను కొత్త కాగితం తీశాను.