మొదలాళి కోసం పాడిన ఒప్పారి

చావు ఇంట్లో అందరూ ఏడుస్తారు. మా వదినె రక్కమ్మాళ్ మాత్రం వచ్చినవాళ్ళ మొహం చూసి ఏడుస్తుంది. పుట్టింటివాళ్ళు వీధి మొగలో కనబడితే ఆమె పాట పుట్టింటి గడప దగ్గరికి వెళ్తుంది. చచ్చినవాడితో మాటలు మానేసిన తమ్ముడు తల దించుకుని వస్తే, చిన్నప్పుడు ఒకే కంచంలో తాగిన గంజి దగ్గరికి వెళ్తుంది. ఆ ఏడుపు పాటనే మేము ఒప్పారి అంటాం. కోయంబత్తూరు మిల్లుల చుట్టూ ఉన్న మా తెలుగు కూలివాళ్ళ లైను ఇళ్ళలో ఎక్కడ చావు జరిగినా ఆమెకి కబురు వస్తుంది.

"పాడేది చచ్చినోనికి కాదు సెల్లాయీ, ఎదట కూసున్నోళ్ళకి. వాళ్ళ లోపల ఏడ నొప్పి ఉండాదో ఆడ చెయ్యి పెట్టల్ల" అనేది నాతో. నాకు ఆ విద్య అబ్బలేదు. ఉన్నది ఉన్నట్టు అనేసి తిట్లు తినే నోరు నాది.

అలాంటి వదినె సొంత తమ్ముడి శవం ముందు కూర్చోవలసి వచ్చింది. ఆ తమ్ముడు కరుప్పన్, నా మొగుడు.

అతను పనిచేసేది బ్లోరూములో, దూది బేళ్ళు విప్పి దులిపే మిషన్ దగ్గర. అతని పంచె చెంగు తిరిగే బెల్టులో చిక్కి మనిషిని లాగేసింది. ఆ బెల్టు మీద ఇనప మూత ఒకటి ఉండాలి. రిపేరుకని తీసినవాళ్ళు మళ్ళీ వెయ్యలేదు. వెయ్యమని నా మొగుడు మేస్త్రి ఆండియప్పని అడిగి అడిగి విసిగిపోయాడు. "మిషన్ ఆపితే మొదలాళికి నువ్వు జవాబు చెప్తావా?" అన్నాడట మేస్త్రి. మొదలాళి అంటే మిల్లు యజమాని. గంజి తాగుతూ నాతో చెప్పుకుని నవ్వేశాడు. అతను పోయిన పూటే ఆ మేస్త్రి, కరుప్పన్ తాగి వచ్చి బెల్టు మీద పడ్డాడని మిల్లంతా చాటాడు. కల్లు వాసన వస్తే ముక్కు మూసుకునే మనిషి మీద ఎంత అభాండం! నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

కోపం కూడు పెట్టదు. వదినె సంసారమూ మేమూ కలిసి ఉండేది మిల్లువాళ్ళ లైను ఇల్లు. ఇంట్లో ఒకరైనా మిల్లులో పనిచేస్తేనే ఆ ఇల్లు మాది. వదినె కొడుకు వేలు సూలూరు వైపు మగ్గాల షెడ్లలో కూలికి పోయేవాడు, పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అతని పెళ్ళాం ఆరాయికి నెలలు నిండుతున్నాయి. తాగి చచ్చాడని పేరు పడితే ఆ ఇంటికి మిల్లు మళ్ళీ పని ఇవ్వదు. మేం నలుగురం వీధిన పడాలి.

శవాన్ని ఎత్తకముందే మొదలాళి కారు వచ్చింది. మిల్లు ఆయనది. ఆయన ఇంట్లోనూ తెలుగే. అయినా ఆయన తెలుగు మా గడప దాటి రాదు. టీకొట్టు నుంచి కుర్చీ తెచ్చి వీధిలో వేస్తే అక్కడే కూర్చున్నాడు. పక్కన మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను వదినె చెవిలో అన్నాను, "మూత సంగతి పాడు వదినె. ఊరంతా విననీ."

ఆమె ఏడుస్తూనే ఆయన వైపు చూసింది. "ఆ మనిషి భయపడతా ఉండాడు సెల్లాయీ. మూత అంటే లేసి పోతాడు. ఉండు" అంది.

మొదలాళి తండ్రి పోయి ఏడాది కాలేదు. ఆ పెద్దాయన మిల్లులో తిరుగుతూ కూలివాళ్ళని పేరు పెట్టి పిలిచేవాడని అందరికీ తెలుసు. వదినె పాట అక్కడికి వెళ్ళింది.

"పెద్దయ్య కట్టిన మిల్లు నిలవాలని
పేగు బంధం మరిచితివా తమ్ముడా
మిషను విరిగేనని చెయ్యి అడ్డం పెట్టితివే
మీద లోకంలో పెద్దయ్య ఎదురొచ్చెనా
కరుప్పా రారా అని పేరెత్తి పిలిచెనా"

మొదలాళి రుమాలు తీసి మొహానికి పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. గుంజకి ఆనుకుని కూర్చున్న వేలు మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అదంతా అబద్ధమని తెలిసి కూడా ఏడ్చాను, ఆమె పాట అలాంటిది.

మొదలాళి లేచి మేస్త్రి వైపు తిరిగాడు. "ఇతను తాగి వచ్చాడని చెప్పావే నాకు?" అన్నాడు. "ఇంత విశ్వాసం ఉన్న ఇంటిని వదులుకోకూడదు. కరుప్పన్ నిలబడిన చోట ఈ ఇంటి బిడ్డే నిలబడాలి. వేలుకి పదహారో రోజు కార్యం కాగానే అదే మిషన్ ఇవ్వు."

లైనంతా వదినెకి దండం పెట్టినంత పని చేసింది. నా మొగుడి పేరు మీది మచ్చ పోయింది, ఇల్లు నిలిచింది. వదినె మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఆ మూత లేని మిషన్ కాడికా సెల్లాయీ నా బిడ్డ?" అంది.

మర్నాడే నేను మిల్లు గేటుకి పోయి మేస్త్రిని నిలబెట్టాను. "పిల్లోడు వచ్చేలోపల ఆ మూత వెయ్యి" అన్నాను.

ఆండియప్పకి ఈసారి కోపం కూడా రాలేదు. "మీ వదినె గదా పాడింది, వాడే చెయ్యి అడ్డం పెట్టినాడని? మొదలాళి విన్నాడు, ఊరు విన్నాది. తప్పు బెల్టుది కాదన్నంక మూత యానికి?" అన్నాడు. తిట్టాను. నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాను. అతను బీడీ ముట్టించుకుని లోపలికి పోయాడు.

వదినె మొదలాళి బంగళాకి పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్, అయ్య ఊళ్ళో లేరు అన్నాడు. మళ్ళీ పోతే మళ్ళీ అదే మాట. పాట వినేవాడు ఎదుట కూర్చుంటే కదా పాడడానికి.

కార్యం అయిపోయింది. వేలు మొదటి షిఫ్టుకి పోవలసిన పొద్దు, తెల్ల పంచె కట్టుకుని టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. వదినె గుమ్మంలో అడ్డం కూర్చుంది.

"పోవద్దురా రాసా. మీ మామ మిషన్ని కాపాడేదానికి పోలేదు. బెల్టుకి మూత లేదు. అడిగి అడిగి సచ్చినాడు."

"అట్లయితే ఆ పొద్దు ఏల వేరే పాడితివి?"

"మొదలాళి కోసరం పాడితిని."

"నేనూ ఆడనే కూసోని వింటిని గదమ్మా" అన్నాడు వేలు. "మామ పెద్ద మనిషి మాదిరి సచ్చినాడనే నేను ఆ మిషన్ కాడికి పోతా ఉండేది. ఇప్ప వచ్చి అది అబద్ధం అంటే ఎట్లా? పోకుంటే ఇల్లు ఏది? ఆరాయి ఏడ కనేది?"

వదినె అతని మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నొప్పి ఎక్కడుందో వెతికే చూపు. గొంతు సవరించుకుని, "పుట్టబోయే బిడ్డ నాయనా అని పిలిస్తే..." అని రాగం ఎత్తింది.

"అమ్మా!" అని అరిచాడు వేలు. "నాకు ఒప్పారి పాడొద్దు. నేను ఇంకా సావలేదు."

ఆమె రాగం అక్కడే తెగింది. ఎన్ని ఇళ్ళ దుఃఖాన్ని మోసిన గొంతు, కన్న కొడుకు ముందు ఒక్క మాటకి పనికి రాకుండా పోయింది. అతను ఆమెని దాటుకుని వీధిలోకి దిగాడు. షిఫ్టుకి పిలిచే మిల్లు సంగు ఊదుతోంది.

నేను వెనకే పరిగెత్తాను. నాకు రాగం లేదు. "ఒరే వేలూ! మీ మామ పంచె బెల్టులో చిక్కినంక కత్తితో కోసి తీసినారురా. ఆ గుడ్డ నేను చూసినా. నిక్కరు తొడుక్కోని పో!" అని వీధి మధ్యలో నిలబడి అరిచాను.

అతను ఆగాడు. కోపంగా చూశాడు. వెనక్కి వచ్చి, గుమ్మంలో కూర్చున్న తల్లిని చూడకుండా లోపలికి పోయి, పంచె విప్పి నిక్కరు తొడుక్కుని పనికి పోయాడు.

సాయంత్రం తిరిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కోడానికి ఆరాయి నీళ్ళు ఇచ్చింది. మూత వేశారా అని నేను అడిగితే, లేదు అత్తా, అన్నాడు.