దాసమ్మ చేతి బోణీ

గిద్దలూరులో సర్కారు ఆసుపత్రి గేటు దాటి రోడ్డు ఇవతలికి వస్తే జయలక్ష్మి దుకాణం కనిపిస్తుంది. బోర్డు మీద సర్జికల్స్ అనే ఉంటుంది కానీ, ఊళ్ళో దాన్ని ఆ పేరుతో పిలిచినవాడు లేడు. అందరికీ అది మోకాళ్ళ దుకాణం. మోకాలి బెల్టులు, నడుము బెల్టులు, చేతికర్రలు, వేడినీళ్ళ సంచులు, నొప్పుల తైలాలు, మెత్తటి చెప్పులు అన్నీ దొరుకుతాయక్కడ.

ఆమె బేరమంతా ముసలివాళ్ళతోనే. వాళ్ళు ఆరోగ్యశ్రీ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పొద్దున్నే ఆసుపత్రికి వస్తారు. మోకాలు అరిగిపోయింది, మార్చాలి, కార్డు ఉంది కనుక పైసా ఖర్చు లేదు, ఒంగోలు పొమ్మని డాక్టరు చీటీ రాసిస్తాడు. పైసా ఖర్చు లేదన్న మాటకు ఎంత సంతోషపడతారో, కోస్తారన్న మాటకు అంత హడలిపోతారు. ఆ హడలుతోనే రోడ్డు దాటుతారు. ఇవతల జయలక్ష్మి ఉంటుంది.

"కార్డు యాడికి పోతుంది తాతా, పెట్టెలో పడుంటుంది. ముందు ఈ బెల్టు ఏసుకో. నిన్ను కత్తి దాకా పోనిచ్చేదే లేదు నేను" అనేది. ఆ మాట వినడానికే వచ్చినట్టు వాళ్ళు బెంచీ మీద కూలబడేవారు.

అలాగని ఆమెను మోసగత్తె అనుకుంటే నేను ఒప్పుకోను. కొలత లేకుండా ఒక్క బెల్టు అమ్మేది కాదు. చిన్న స్టూలు వేసుకుని కింద కూర్చుని, ముసలి కాలును తన ఒళ్ళోకి తీసుకుని, మోకాలి చిప్పకు పైన నాలుగు వేళ్ళు, కింద నాలుగు వేళ్ళు వదిలి టేపు పెట్టేది. ఎవరి కాలు అని చూసేది కాదు. శెట్ల ఇంటి కోడలు ఇలా ఊరందరి కాళ్ళూ ఒళ్ళో పెట్టుకుంటుందని తెలిస్తే పోయిన అత్తగారు లేచి వచ్చి తలస్నానం చేయించేది. నొప్పి ఎక్కడుందో అడిగి, అక్కడ బొటనవేలితో మెల్లగా నొక్కి, ఇంట్లో వాళ్ళు పట్టించుకోని సంగతులన్నీ వినేది. బెల్టు సగం పని చేస్తే, మిగతా సగం ఆమె చేతులు చేసేవి. కత్తి అవసరం లేదన్న మాట మాత్రం ఆమె నోటికి అలవాటైపోయింది. చెప్పగా చెప్పగా తనూ కొంత నమ్మింది.

ఇక దాసమ్మ సంగతి. నంద్యాల రోడ్డులో, నల్లమల లోపలి చెంచుగూడెం ఆమెది. డెబ్బైకి ఒకటో రెండో తక్కువ. సోమవారం సోమవారం మొదటి బస్సుకు తేనె, షర్బతుకు వేసే నన్నారి గడ్డలు తెచ్చి గిద్దలూరులో అమ్ముకుంటుంది. మూడేళ్ళ కిందట, దుకాణం పెట్టిన కొత్తలో, జయలక్ష్మి ఈగలు తోలుకుంటూ కూర్చున్న ఒక సోమవారం పొద్దున దాసమ్మ కాలీడ్చుకుంటూ వచ్చి ఒక తైలం సీసా కొన్నది. ఆ రోజు సాయంత్రం దాకా జయలక్ష్మికి మంచినీళ్ళు తాగే తీరిక దొరకలేదు. మరుసటి సోమవారం ఇంకెవరో బోణీ చేస్తే బేరాలే లేవు. ఆ పై సోమవారం మళ్ళీ దాసమ్మ, మళ్ళీ జనం. బజారులో కిరాణా కొట్టు నడిపే భర్త నరసింహారావుకు చెబితే, "ఆ చెయ్యి వదులుకోబాక" అన్నాడు. పుట్టినప్పటినుంచీ గల్లాపెట్టె పక్కన పెరిగినవాడు, బోణీ విషయంలో అతని మాటకు తిరుగులేదు.

అప్పటినుంచి సోమవారం బోణీ దాసమ్మదే. ఆమె బస్సు దిగి వచ్చేదాకా షట్టరు సగమే లేచి ఉండేది. ముందు వచ్చినవాళ్ళను జయలక్ష్మి, "ఒక్క నిమిషం కూర్చో అన్నా, సరుకు సర్దుతుండా" అని ఆపేది. దాసమ్మ వచ్చి, దూదో తైలమో ఏదో ఒకటి కొని, నోటు చేతిలో పెడితే, జయలక్ష్మి దాన్ని కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేది. అప్పుడు షట్టరు పూర్తిగా లేచేది. దాసమ్మకు ఈ మర్యాద తెలుసు. తెలిసి కావాలనే బస్టాండులో టీ తాగి, మెల్లగా నడిచి, నలుగురినీ కాయించి వచ్చేది. ముసలామెకు అదొక సరదా. జయలక్ష్మికి ఆ సరదా అంటే ఇష్టం. నిజం చెప్పాలంటే ఆ మనిషంటేనే ఇష్టం.

చలికాలం పోయి ఎండలు మొదలవుతుండగా ఒక గురువారం దాసమ్మ మనవరాలు దివ్య దుకాణానికి వచ్చింది. నర్సు చదువు చదివి, గూడెం దగ్గరి హెల్త్ సెంటర్లో పని చేస్తోంది.

"అక్కా, అవ్వకు ఒంగోలులో డేటు ఇచ్చినారు. ఈ మంగళవారం గాదు, ఆ పై మంగళవారం చేరాల. కార్డు మీద అంతా ఫ్రీ. రానంటే రానంటాంది."

"నేనేం చేసేది తల్లీ?"

"చేసింది నువ్వే గదక్కా" అంది దివ్య. గొంతు పెంచలేదు. "డాక్టరు చెప్పినా వినలేదు, నేను చెప్పినా వినలేదు. శెట్టెమ్మ బెల్టు చాలన్నది, కత్తి అవసరం లేదన్నది అని ఒకటే మాట. ఎక్సరే చూసినావా నువ్వు? లోపల ఎముకా ఎముకా రాసుకుంటుండాయి. ఇంకో ఆరు నెలలు ఇట్లనే తిరిగితే కాలు వంకర్లు పోయి మంచాన పడుతుందంట. అప్పుడు కోసినా నడక వస్తుందని చెప్పలేనన్నాడు డాక్టరు."

ఆ పిల్ల అరిచి ఉంటే జయలక్ష్మి కూడా అరిచేది, అంతటితో పోయేది. "నేను చెప్తాలే" అంది చివరికి.

సోమవారం వచ్చింది. దాసమ్మ బస్టాండు వైపునుంచి నడిచి వస్తుంటే జయలక్ష్మి మొదటిసారి ఆమె ముఖం కాకుండా కాలు చూసింది. ఎడమకాలు మోకాలి దగ్గర బయటికి విల్లులా వంగిపోతోంది. ప్రతి అడుగుకూ మనిషి పక్కకు ఒరిగి మళ్ళీ లేస్తోంది. ఇన్ని సోమవారాలు ఇది ఎలా కనబడకుండా పోయిందా అనుకుంది.

"అత్తా, ఆపరేషన్ చేయించుకోరాదా?" అంది, దాసమ్మ బెంచీ మీద కూర్చోగానే.

దాసమ్మ పకపకా నవ్వింది. "దివ్య వచ్చి పోయిందా? ఆ పిల్ల నీ చేత గూడా చెప్పిస్తాందే!"

"అది గాదత్తా, నిజంగానే..."

"కత్తి అవసరం లేదని చెప్పింది నువ్వే గదా? ఆ పొద్దు చెప్పింది నిజమా, ఈ పొద్దు చెప్పేది నిజమా? సరేగానీ, ఆ ఇనుప కడ్డీల బెల్టు ఇయ్యి. పాతది సాగిపోయింది" అని దాసమ్మ నోట్లు తీసి చెయ్యి చాపింది.

వెనక ఇద్దరు కాచుకుని ఉన్నారు. చాచిన చెయ్యి బోణీ చెయ్యి. జయలక్ష్మి ఇంకో మాట అనబోయింది. ఈలోపే తన చెయ్యి లేచి నోట్లు అందుకుంది, కళ్ళకద్దుకుంది. తర్వాత చేసేదేముంది? స్టూలు వేసుకుని కూర్చుని, ఆ వంకర కాలును ఒళ్ళోకి తీసుకుని, కడ్డీలు రెండు వైపులా సరిగ్గా వచ్చేలా బెల్టు కట్టింది. ఆ రోజు దుకాణంలో జనం తగ్గలేదు. జయలక్ష్మికి మాత్రం తెచ్చుకున్న అన్నం సహించలేదు.

"చెప్పినావు, వినలేదు. నువ్వేం చేస్తావు?" అన్నాడు ఆ రాత్రి ఇంట్లో నరసింహారావు. "బోణీ మనిషిని ఉత్తచేతులతో పంపుతారా ఎవరన్నా?"

అతను అన్నది న్యాయంగానే ఉంది. కానీ ఆ వారమంతా జయలక్ష్మి మనసును ఒకటే తొలిచింది. నోరు వద్దంటోంది, చెయ్యి అమ్ముతోంది. ఎదుటి మనిషి దేన్ని నమ్ముతుంది? అమ్మే చేతినే నమ్ముతుంది. దాసమ్మ కాకుండా తనే అయినా అలాగే నమ్మేది.

ఆసుపత్రిలో చేరాల్సిన మంగళవారానికి ముందురోజు దాసమ్మ ఎప్పటికంటే తొందరగా వచ్చింది. టీకి ఆగినట్టు లేదు. బెంచీ మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"ఇప్పపువ్వు రాలుతాంది శెట్టెమ్మా. రేపు తెల్లారగట్లనే ఏరేదానికి పోవాల. కుడికాలు గూడా పీకుతాంది. దానికీ అట్లాంటి కడ్డీల బెల్టే ఒకటి ఇయ్యి."

జయలక్ష్మి లేవలేదు. "లేదు" అంది.

"అదిగో, వేలాడుతుండాయి గదా."

"ఉండాయి. నీకు లేవు."

దాసమ్మకు అర్థం కాలేదు. చాచిన చెయ్యి అలాగే ఉంది. గుమ్మం బయట కాచుకున్న ఒక పెద్దమనిషి ఇటు తొంగిచూశాడు.

"సరే, బెల్టు వద్దులే. తైలం ఇయ్యి."

"ఇయ్యను."

"అట్లయితే గుడ్డ పట్టీ అన్నా ఇయ్యి."

"అదీ ఇయ్యనత్తా."

దాసమ్మ గొంతు తగ్గించింది. ఆమె భయం ఇప్పుడు తన గురించి కాదు. "శెట్టెమ్మా, బోణీ వేళ. నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటే నీ దుకాణానికి మంచిది గాదు. పది రూపాయల దూది ఇయ్యి, చాలు. నా కోసం గాదు, నీ కోసం."

ఈ ముసలామె తన కాలు తను చూసుకోదు, దుకాణం గల్లాపెట్టెను చూస్తోంది. అయినా జయలక్ష్మి రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని కూర్చుంది. ఎక్కడ మళ్ళీ వాటంతటవే లేస్తాయో అని భయం.

"దూది గూడా ఇయ్యను. ఈ దుకాణంలో నీకు అమ్మేది ఇంకేమీ లేదు అత్తా. పో."

దాసమ్మ చెయ్యి మెల్లగా దించుకుంది. నోటును మడిచి కొంగు చివర ముడి వేసుకుంది. తేనె కొనే దుకాణాలు, పప్పుల దుకాణాలు, చీరల దుకాణాలు యాభై ఏళ్ళుగా చూసింది. బోణీ కాదనుకున్న శెట్టిని ఆమె ఎక్కడా చూడలేదు.

"నా కాలు అంత చెడిపోయిందా?" అంది.

"చెడిపోయిందత్తా. బెల్టు పట్టుకుంటుంది గానీ నయం చెయ్యదు. నాకు తెలుసు. తెలిసే చెప్పినాను కత్తి అవసరం లేదని. నీకే గాదు, అందరికీ అట్లనే చెప్తా. నువ్వు భయపడ్డావని చెప్పినా, నా సరుకు పోవాలని గూడా చెప్పినా."

దాసమ్మ ఆమెను పరీక్షగా చూసింది. తిడుతుందేమో అనుకుంది జయలక్ష్మి. తిట్టలేదు. ఒక ప్రశ్న అడిగింది.

"ఆపరేషన్ అయినాక నేను కింద కూర్చోగలనా?"

జయలక్ష్మికి సమాధానం నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు కూర్చోలేవు అత్తా, పదహారేళ్ళ పిల్లలాగా కూర్చుంటావు అని. ఎదుటివాళ్ళు వినాలనుకున్నది వెంటనే అందించే నాలుక అది. ఇప్పుడు నిజం చెబితే ముసలామె ఒంగోలు పోనే పోదేమో. అబద్ధం చెబితే పోతుంది. ఒక మంచి అబద్ధం ఆడితే ఏం పోయింది? కానీ రేపు కాలు కోశాక తెలుస్తుంది కదా.

"కూర్చోలేవు. కూర్చోకూడదంట గూడా. ఇంక కుర్చీనే."

"అట్లయితే ఇప్పపువ్వు ఎట్ల ఏరేది?"

"ఏరలేవు అత్తా. ఇంకెవరన్నా ఏరాల. చెట్టు దాకా నువ్వు నడిచి పోతావు, అంతే. అది గూడా వెంటనే గాదు. కోసినాక నెలరోజులు బాగా నొప్పి ఉంటుందంట. రోజూ కాలు వంచమని సతాయిస్తారంట. ఏడుస్తావు."

బయట పెద్దమనిషి దగ్గాడు. దాసమ్మ అటు చూడలేదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని, బెల్టు కడ్డీని వేలితో తడుముతూ కూర్చుంది.

"మూడేండ్లకు అమ్మకుండా ఒక మాట చెప్పినావు" అంది చివరికి. "పోతాలే. దివ్యకు ఫోన్ చెయ్యి."

జయలక్ష్మి ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు పేరు నొక్కింది.

"ముందు ఇది విప్పు" అని దాసమ్మ ఎడమకాలు చాపింది. "నువ్వు కట్టినాక నేనే విప్పుకుంటాండా ఇన్నాళ్ళూ. ఈ పొద్దు నువ్వే విప్పు."

జయలక్ష్మి స్టూలు లాక్కుని కూర్చుని కాలు ఒళ్ళోకి తీసుకుంది. పట్టీలు ఒక్కొక్కటే విప్పింది. కట్టేటప్పుడు ఆమె ఎప్పుడూ బెల్టునే చూసేది. ఇప్పుడు బెల్టు లేని మోకాలు కనబడింది. కడ్డీలు ఒత్తుకున్నచోట చర్మం కమిలి, రెండు వైపులా నల్లగా గాట్లు పడి ఉన్నాయి. ఆ బెల్టును వారం కిందట తనే కట్టింది. దాని మీద అరచెయ్యి పెట్టేసరికి ఇక ఆపుకోలేకపోయింది. దుకాణం ముందు మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చింది.

దాసమ్మ వంగి ఆమె తల మీద చెయ్యి వేసింది.

"ఏడవబాకమ్మా" అంది. "కోసేది నన్ను గదా."